పాట పుట్టిన ఊళ్లకు, మా అత్తయ్యతో

మా పెద్ద మేనత్తకు 78 ఏళ్లు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నా, పప్పులో రాళ్లు ఏరుతున్నా ఆవిడ నోట్లో ఒక పాట నలుగుతూ ఉంటుంది. ‘మాకొద్దీ తెల్ల దొరతనము’. స్వాతంత్ర్య పోరాటంలో గరిమెళ్ల సత్యనారాయణ రాసిన పాట, వాళ్ల నాన్న నేర్పిన పాట అది. ఆయన, అంటే మా తాత, నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆయనకు పదేళ్లప్పుడు ఆ పాట ఊళ్లోకి వచ్చిందట. పెద్దయి పిల్లలు పుట్టాక వాళ్లను ఒళ్లో వేసుకుని జోలపాటలా అదే పాడేవారట.

నేను కాకినాడలో హైస్కూల్లో తెలుగు చెబుతాను. పోయిన ఆగస్టు 15న మా పిల్లలు పెద్ద స్పీకర్లు పెట్టి సినిమా పాటకు డాన్స్ చేశారు. బాగానే చేశారు. అయిపోయాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరకొచ్చి, “టీచర్, సినిమాలు లేనప్పుడు స్వాతంత్ర్యం కోసం పోరాడినవాళ్లు ఏం పాడేవారు?” అని అడిగింది. ‘మాకొద్దీ తెల్ల దొరతనము’, ‘దేశమును ప్రేమించుమన్నా’ అని రెండు పాటల పేర్లు చెప్పాను. “పాడండి టీచర్” అంది. ఒక్కోటి నాలుగు పాదాలు పాడి ఆగిపోయాను. 22 ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఆ రెండు పాటలు పుట్టిన ఊళ్లు చూసి రావాలని నవంబరు చివర్లో సెలవు పెట్టాను. అత్తయ్యతో విషయం చెబితే, “నన్నూ తీసుకుపో. పాట నాకొచ్చు, ఊరు నీకు తెలీదు” అంది.

మొదటి రోజు: సామర్లకోట నుంచి విజయనగరం

పొద్దున్నే సామర్లకోటలో రైలెక్కాం. అత్తయ్య ఒక స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో దాంట్లో జంతికలు సర్దుకొచ్చింది. తుని దాటాక నోటుబుక్కు తీసి, “అత్తయ్యా, మొదట్నుంచీ పాడు, రాసుకుంటాను” అన్నాను. రైల్లో పాడటానికి ఆవిడేమీ మొహమాటపడలేదు. గొంతు తగ్గించి, మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటూ మొదలుపెట్టింది.

చాలా పెద్ద పాట అది. నాకు తెలిసిన నాలుగు పాదాలు దానికి గుమ్మం మాత్రమే. చరణం వెనక చరణం వస్తూనే ఉంది. ఒక చరణంలో తిండి, ఒక చరణంలో కల్లు, ఇంకోదాంట్లో బడి, మరోదాంట్లో గాంధీ టోపీ. ఎదురు సీట్లో కూర్చున్న కుర్రాడు చెవిలో వైర్లు తీసేసి వింటున్నాడు. అనకాపల్లి వచ్చేసరికి అత్తయ్య ఆగిపోయింది. “దీని తర్వాత ఇంకోటుందే. నాన్న పాడేవాడు. నోటి చివర ఆడుతోంది గానీ రావట్లేదు” అంది. విశాఖపట్నం దాకా మళ్లీ మాట్లాడలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

విజయనగరంలో సామాను గదిలో పడేసి, సాయంత్రం నాలుగింటికి కోట వైపు నడిచాం. 1713లో కట్టిన కోట. గంటస్తంభం దగ్గర టీ తాగి, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని సంగీత కళాశాలకు వెళ్లాం. 1919లో పెట్టిన కళాశాల ఇది. మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ ఆచార్యులు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని చదువుకున్నది ఈ ఊళ్లోనే. ఆయన 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు కూడా వెళ్లారు. లోపల ఎవరో పిల్లలు సరళీ వరసలు సాధన చేస్తున్నారు. అత్తయ్య అక్కడి నుంచి కదలనంది. చీకటి పడే దాకా బయట నిలబడి విన్నాం.

తిరిగి వస్తుంటే దారిలో ఆవిడకు 1907 సంగతి చెప్పాను. బెంగాల్ విభజన తర్వాత రెండేళ్లకు, ఆ ఏడాది ఏప్రిల్‌లో బెంగాలీ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ తెలుగు జిల్లాల్లో తిరిగారు. అప్పుడు ఆయన విజయనగరం కూడా వచ్చారు. అప్పటికి మనకంటూ దేశం మీద పాటలు ఎక్కువ లేవు. జనం నోట ఉన్నది ‘వందేమాతరం’ అన్న ఒక్క మాట. ఆ పాటను బంకించంద్రుడు 1882లో తన నవలలో పెట్టారు, 1896లో కలకత్తా కాంగ్రెసులో రవీంద్రనాథ్ ఠాగూర్ పాడారు. మన వీధుల్లోకి వచ్చేసరికి అది పాటకన్నా ఎక్కువగా నినాదం అయింది. రాజమండ్రి కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న గొడవలో గాడిచర్ల హరిసర్వోత్తమరావును చదువులోంచి తీసేశారు. ఆ రాజమండ్రి సభల్లోనే పాల్ ఉపన్యాసాలను తెలుగులో చెప్పిన చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘భరతఖండంబు చక్కని పాడియావు’ అన్న పద్యం చదివారు. ఆవు మనది, దూడలం మనం, మన మూతులు బిగించి కట్టి పాలు పితుక్కుంటున్న గొల్లవాళ్లు తెల్లవాళ్లు. నాలుగు పాదాల్లో మొత్తం సంగతి చెప్పేశారు.

అత్తయ్య రోడ్డు మీద నిలబడిపోయింది. “అయితే మొదట్నుంచీ తిండి గొడవేనన్నమాట” అంది.

ఆ మాట అప్పుడు మామూలుగానే విన్నాను. గదికొచ్చి పడుకున్నాక అర్థమైంది. సుజలాం సుఫలాం అంటే నీళ్లు, పళ్లు. సస్యశ్యామలాం అంటే పచ్చటి చేను. చిలకమర్తి పద్యంలో పాలు. నేను ఇన్నేళ్లూ పిల్లలకు దేశభక్తి గీతం అంటే జెండా, మాత, రక్తం, త్యాగం అని చెబుతూ వచ్చాను.

రెండో రోజు: గురజాడ ఇంటి దగ్గర

నవంబరు 30. గురజాడ అప్పారావు పోయిన రోజు. 1915లో ఇదే విజయనగరంలో, 53 ఏళ్లకే పోయారు. ఆటో అతనికి “గురజాడ గారిల్లు” అని చెబితే చాలు, తీసుకెళ్లి దింపేశాడు.

అప్పటికే కొందరు వచ్చి దండలు వేసి వెళ్తున్నారు. బడిపిల్లలు వరసలో నిలబడ్డారు. వాళ్ల పంతులుగారు చెయ్యెత్తగానే ‘దేశమును ప్రేమించుమన్నా’ అందుకున్నారు. అత్తయ్య వాళ్ల వెనకాల నిలబడి గొంతు కలిపింది. ఆవిడకు ఇది కూడా మొత్తం వచ్చని నాకు అప్పటిదాకా తెలీదు.

ఆ పాటను నేను ఎన్నోసార్లు బ్లాక్‌బోర్డు మీద రాశాను. 1910 ప్రాంతంలో వచ్చిన పాట అని, ముత్యాల సరాలనే గురజాడ ఛందస్సు నడక అని, మూడూ నాలుగూ మాత్రల లెక్క అని చెప్పాను. ఆ ఇంటి ముందు పిల్లల నోట వింటే ఆ నడక ఏమిటో తెలిసింది. ఒక పిల్లాడు పాడుతూ తెలియకుండానే కాళ్లు మారుస్తున్నాడు. కూర్చుని చదివే పద్యం నడక కాదది. నిలబడితే కాలు తనంతట తనే కదులుతుంది. చాలా పాదాల చివర ఆ ‘ఓయ్’ ఒకటి. దారిన పోయేవాణ్ని భుజం తట్టి పిలిచినట్టు ఉంటుంది. ‘జల్దుకొని కళలెల్ల నేర్చుకు’ అంటారు. జల్దీ అన్న మాట అప్పటికి బజారులో ఉన్నదే. దాన్ని కవిత్వంలోకి తేవడానికి 1910లో ఎంత ధైర్యం కావాలో ఇప్పుడు మనకు అంచనా అందదు. ఆయన బాల్యమిత్రుడు గిడుగు రామమూర్తి వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టారు. వాడుకభాషలో రాస్తే తప్పేమిటని పండితులతో గిడుగు ఏళ్లకేళ్లు వాదించారు. ఆ వాదం కాగితాల మీద నడుస్తుండగానే ఈ పాట జనం నోట్లోకి వచ్చేసింది.

దండలు వేసిన వాళ్లంతా వెళ్లాక ఇంట్లోకి వెళ్లి కాసేపు కూర్చున్నాం. అత్తయ్యను అడిగాను: “ఇందులో తెల్లవాడు ఎక్కడున్నాడు అత్తయ్యా?”

ఆవిడ పెదాలు కదుపుతూ మనసులో పాటంతా పాడుకుంది. “లేడు” అంది ఆశ్చర్యంగా.

నిజమే. ఆ పాటలో తెల్లదొర ఊసే లేదు. గురజాడ విజయనగర సంస్థానంలో ఉద్యోగి. ఆ సంస్థానం తెల్లవాళ్ల నీడలో ఉంది. కాలేజీ రోజుల్లో నేను దీన్ని భయం అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆయన వేరే ప్రశ్న వేసుకున్నారు. దేశం ఎవరిది అని కాదు, దేశం అంటే ఏది అని. మట్టి కాదు, మనుషులు అన్నారు. మనుషులకు ముందుగా ఏం కావాలి? ‘తిండి కలిగితె కండ కలదోయ్, కండ కలవాడేను మనిషోయ్.’ పాడిపంటలు పొంగిపొర్లే దారిలో పాటుపడమన్నారు. దేశి సరుకులు నింపమన్నారు, వాటిని అన్ని దేశాల్లో అమ్మమన్నారు. ఈసురోమని మనుషులుంటే దేశం ఎలా బాగుపడుతుందని అడిగారు. స్వదేశీ ఉద్యమంలో ఉపన్యాసాలుగా చెప్పినవన్నీ ఇక్కడ నడుస్తూ పాడుకునే మాటలయ్యాయి. కులమతాలు అన్నదమ్ముల్లా మెలగాలన్న మాట కూడా అందులోనే ఉంది.

“మరి ఆ ఇంకొకాయన పాటలో మొదటి మాటే తెల్లదొర” అంది అత్తయ్య.

ఆ ఇంకొకాయన గరిమెళ్ల సత్యనారాయణ కూడా కొన్నాళ్లు ఈ విజయనగరంలోనే బడిపంతులుగా చేశారు. అత్తయ్యకు ఈ సంగతి తెలీదు. చెప్పగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. “మా నాన్నలాగా పంతులేనా!” అంది. ఆ రోజంతా ఊళ్లో ఏ బడి కనిపించినా, “ఇదేనేమో” అంటూనే ఉంది.

మూడో రోజు: పొందూరు

పొద్దున పాసింజరు ఎక్కాం. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం. రెండు వైపులా వరి పసుపు తిరిగి ఉంది. కొన్ని చేలల్లో కోసిన పనలు ఆరుతున్నాయి. పొందూరులో దిగి నడుచుకుంటూనే ఊళ్లోకి వెళ్లాం.

పొందూరు ఖద్దరు గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. కానీ ఆ పని కళ్లతో చూడటం వేరు. ఒకావిడ అరుగు మీద కూర్చుని పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతోంది. ఆ దవడకుండే సన్నని పళ్లే దువ్వెన. గింజ చుట్టూ అంటుకున్న దూదిని ఒక్కో పోగూ తెగకుండా తీస్తుంది. పక్కన ఆవిడ కోడలు రాట్నం ముందు కూర్చుంది. రాట్నం చక్రానికి 24 ఆకులు, నూలు చుట్టుకునే కదురు ఒక్కటే. ఏకులను, అంటే వడకడానికి చుట్టిన దూది పోగులను, అరటి దూటలో చుట్టి పెట్టుకుని, ఒకటి చేతిలోకి తీసుకుని లాగుతుంటే కంటికి ఆనని సన్నటి నూలు వస్తోంది. వంద కౌంటు నూలు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. 1921లో గాంధీజీ తన కొడుకు దేవదాస్‌ను ఈ ఊరికి పంపి, ఈ పని ఎలా జరుగుతుందో చూసి రమ్మన్నారంటే ఊరికే కాదు.

అత్తయ్య ఆవిడ పక్కనే కింద కూర్చుండిపోయింది.

“ఏటమ్మా, ఏ ఊరు మీది?” అందావిడ.

“నరసన్నపేట పక్క. ఇప్పుడు కాకినాడ.”

“అయితే మనోళ్లే. కూకోండి, చోడంబలి తాగుదురు గానీ.”

అంబలి తాగుతూ అత్తయ్య అడిగింది, పని చేస్తూ ఏమైనా పాడతారా అని. వాళ్ల అత్తగారు పాడేదట. గాంధీ పాటలు, రాట్నం పాటలు. “మాకు రావమ్మా. ఇప్పుడు ఫోన్ పెట్టుకుంటాం” అంది కోడలు. ఆ పిల్ల చెప్పిన తీరులో తప్పేమీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే కదలిక, నడుముకు ఆసరా లేదు, ఆ నూలుకు వచ్చే కూలి ఎంతో తనే చెప్పింది. ఆ అంకె విన్నాక ‘పాటలు మర్చిపోకూడదమ్మా’ అనే హక్కు నాకు లేదనిపించింది. ‘డబ్బు తేలేనట్టి నరులకు’ కీర్తి సంపదలు అబ్బవని గురజాడ అన్నది ఆ అరుగు మీద గుర్తొచ్చింది. ఆ పాదాన్ని క్లాసులో ఎప్పుడూ తొందరగా దాటేసేదాన్ని.

అత్తయ్య మాత్రం పాడింది. రాట్నం బడిలో పెట్టొద్దంటాడనే చరణం. కోడలు రాట్నం తిప్పడం ఆపలేదు. కాసేపటికి చూస్తే, పాటా చక్రమూ ఒకే వేగానికి వచ్చేశాయి.

ఒక చీర, రెండు తువ్వాళ్లు కొన్నాం. సాయంత్రానికి ఆమదాలవలస మీదుగా శ్రీకాకుళం చేరి, నాగావళి వంతెన మీద కాసేపు గాలి పీల్చుకుని గదికి వెళ్లిపోయాం. అరసవల్లి వెళ్దామనుకున్నాం గానీ అత్తయ్యకు మోకాళ్లు నొప్పులు పుట్టాయి.

నాలుగో రోజు: ప్రియాగ్రహారం

నరసన్నపేట దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఈ రోజు కోసమే నేను ఇంత దూరం వచ్చాను. పొద్దున్నుంచి టెన్షన్ గానే ఉంది. అక్కడ ఎవరికీ పాట గుర్తు లేకపోతే అత్తయ్య ఏమైపోతుందోనని.

గరిమెళ్ల పుట్టింది 1893 జులై 14న, గోనెపాడులో. పెరిగింది ఈ ప్రియాగ్రహారంలో. పేదరికంలో, ఇంకొకరి సాయంతో బి.ఏ. చదివారు. గంజాం కలెక్టరు ఆఫీసులో గుమాస్తాగా చేశారు, విజయనగరంలో పాఠాలు చెప్పారు, ఆ తర్వాత టీచరు ట్రైనింగుకి రాజమండ్రి వెళ్లారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు రాగానే ఆ చదువు వదిలేశారు. పాట రాశారు. రాయడమే కాదు, వీధుల్లో తిరిగి పాడారు. దానికి ఏడాది జైలు పడింది. బయటికి వచ్చారు, మళ్లీ పాడారు. మళ్లీ రెండున్నరేళ్లు వేశారు.

ఒక పాటకు మనిషిని జైల్లో వేయడం ఏమిటని మా పిల్లలు అడుగుతారు. ఆ పాట ఎలా ప్రయాణం చేసిందో చూస్తే తెలుస్తుంది. అప్పట్లో ఊళ్లలో చదవను వచ్చినవాళ్లు ఎంతమంది? పత్రిక అయితే ఒకడు చదివి పదిమందికి చెప్పాలి. పాటకు ఆ అవసరం లేదు. ఒకసారి వింటే పల్లవి పట్టుబడుతుంది. చరణం ఒకడు పాడతాడు, పల్లవి ఊరంతా అందుకుంటుంది. రాట్నం తిప్పుతూ, బండి తోలుతూ పాడుకోవచ్చు. కాగితాన్ని పట్టుకుని చింపేయొచ్చు, పదేళ్ల పిల్లాడి నోట్లోకి వెళ్లిన పాటను ఏం చేస్తారు? మా తాత అలాంటి పదేళ్ల పిల్లాడే.

ఆటో దిగి నడుస్తుంటే కళ్లంలో కుప్ప వేస్తున్న వాళ్లు కనిపించారు. పక్కనే చింతచెట్టు కింద ఓ పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నారు. 85 ఏళ్ల పైనే ఉంటాయి.

“ఎవులింటికి వచ్చినారమ్మా?” అన్నారు.

“ఎవరింటికీ కాదు బాబూ. పాట కోసం వచ్చాం” అంది అత్తయ్య.

“ఏ పాట?”

అత్తయ్య చెప్పలేదు. అక్కడే నిలబడి పల్లవి ఎత్తుకుంది. ఆ పెద్దాయన ఒక్క క్షణం ఆవిడ వంక చూసి, కింద పెట్టిన కర్ర అందుకుని, దాన్ని నేలకేసి తాటిస్తూ రెండో వరుస అందుకున్నారు. గొంతు బొంగురుపోయింది, పళ్లు లేవు, అయినా ఒక్క మాట తప్పలేదు. కుప్ప మీద ఉన్న ఇద్దరు ఆడవాళ్లు పని ఆపి, చీర చెంగుతో ముఖం తుడుచుకుంటూ మా వైపు వచ్చారు.

నేను గబగబా ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాను. మెమరీ నిండిపోయింది అని వచ్చింది. స్కూలు ఫోటోలు, వీడియోలు, ఏవేవో. చేతులు వణికాయి. ఏది తీసేయాలో తెలియక నాలుగు నిమిషాలు పోయాయి. చివరికి ఫోన్ సంచిలో పడేసి నోటుబుక్కు తీశాను. ఇప్పుడు నా దగ్గరున్నది ఆ రాతే. వంకర టింకరగా, అక్కడక్కడా కలం ఆగి, సగం సగం మాటలతో.

పన్నెండు దేశాలు పండుతున్నా పట్టెడన్నమే లోపమైందన్న చరణం దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. అత్తయ్య ముందు అన్నం పాడింది, తర్వాత ఉప్పు. అచ్చులో ఉన్నదీ అంతే. ఆయన ఉప్పు ముందు పాడారు.

“అన్నం ముందు బాబూ” అంది అత్తయ్య.

“మాయమ్మ ఉప్పే ముందు పాడీది. ఉప్పు నేకపోతే కూడెలా దిగుద్దమ్మా?”

అత్తయ్య ఆలోచించింది. “మా నాన్న అన్నమే ముందు పాడేవాడు” అని మాత్రం అంది, మెల్లగా. ఆ తర్వాత ఆయన పాడినట్టే ఆవిడా పాడింది. ‘ఉప్పు ముట్టుకుంటే దోషమండీ.’ ఆ మాట ఇద్దరి నోటా ఒకేసారి వచ్చినప్పుడు నా వేళ్లు రాయడం మానేశాయి. గాంధీజీ ఉప్పు కోసం దండికి నడిచింది 1930లో. ఈ పాట అంతకు దాదాపు తొమ్మిదేళ్ల ముందుది. సముద్రం ఉన్న జిల్లాలో, చేత్తో చిటికెడు ఉప్పు తీసుకుంటే నేరమయ్యే రోజుల్లో పెరిగినవాడు ఆ మాట రాశాడు. ఆ బాధ ఎవరో చెబితే తెలుసుకున్నది కాదు. కుక్కలతో పోరాడి కూడు తింటున్నామన్న పాదం తర్వాతే వస్తుంది. అక్కడికి వచ్చేసరికి ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అనకాపల్లి దగ్గర అత్తయ్యకు రాని చరణం ఆ పెద్దాయనకూ రాలేదు. “ఉంది, ఉంది” అన్నారు ఆయన కూడా, నుదురు రుద్దుకుంటూ. ఇద్దరూ చాలాసేపు ప్రయత్నించారు. పుస్తకాల్లో దొరుకుతుందని నాకు తెలుసు. కానీ వాళ్లకు కావలసింది పుస్తకంలోది కాదు, వాళ్ల అమ్మానాన్నల గొంతులోది.

వెళ్లేటప్పుడు ఆయన అడిగారు, “ఆ పంతులుగారు ఆకరికి ఏటయ్యారమ్మా? మా సిన్నప్పుడు మద్రాసు ఎల్లిపోనారని అనీవారు.”

చెప్పాను. 1952 డిసెంబరు 18న మద్రాసులో పోయారని, చివరి రోజులు చాలా లేమిలో గడిచాయని. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి అయిదేళ్లు. పాట ఇంటింటికీ తెలుసు, రాసినవాడికి పూట గడవలేదు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. పట్టెడన్నమే లోపమని రాసిన మనిషి. అది తెల్లవాళ్లు చేసిన పని కాదు, మనం చేసింది.

పెద్దాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి కేకేసి, మాకు అన్నం పెట్టమన్నారు. కొత్త బియ్యం అన్నం, దబ్బకాయ పచ్చడి, ఉలవచారు. తినకుండా కదలనివ్వలేదు.

ఐదో రోజు: నౌపడ

ఇది మేం అనుకున్న ప్రయాణంలో లేదు. రాత్రి శ్రీకాకుళంలో పడుకున్నాక చీకట్లో అత్తయ్య గొంతు వినిపించింది. “ఉప్పు మళ్లు చూడకుండా ఎలా పోతామే?”

తెల్లారి ఆమదాలవలసలో పలాస పాసింజరు పట్టుకున్నాం. తిలారు, కోటబొమ్మాళి, నౌపడ. స్టేషన్లో దిగి ఆటోలో వెళ్తే కనుచూపు మేరా మళ్లే. నౌపడ ఉప్పుకు ఎప్పట్నుంచో పేరు. 1930లో ఉప్పు సత్యాగ్రహం ఈ పక్కకు వచ్చినప్పుడు, బారువలో పుట్టిన గౌతు లచ్చన్న ఇంకా చదువుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడు. అందులో దిగి జైలుకు వెళ్లారు. పాట ముందు వచ్చింది, మనుషులు తర్వాత వచ్చారు.

మేం వెళ్లినప్పుడు ఉప్పు లేదు. వానాకాలం ఇప్పుడే అయింది. మళ్లలో వాననీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తోంది. ఒకచోట ఇద్దరు గట్టు బాగుచేస్తున్నారు. నీళ్లు తోడేసి, మడి చదును చేసి, సముద్రపు నీరు పెట్టి, ఎండ ముదిరాక పండిస్తారట. ఉప్పును కూడా ‘పండించడం’ అనే అంటారు ఇక్కడ. వరికీ ఉప్పుకీ ఒకటే మాట. ఏది ముందో నిన్న చెట్టు కింద తేలనిది అందుకేనేమో.

అత్తయ్య చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంది. నేను నోటుబుక్కు తీసి, నిన్న రాసిన చరణాలు ఒక్కోటీ చదివాను. తప్పు రాసినచోట ఆవిడ ఆపి, పాడి, దిద్దించింది. ఉప్పు చరణం దగ్గర అడిగాను, “ఎలా రాయమంటావు? ముందు అన్నమా, ఉప్పా?”

“రెండూ రాయి. మా నాన్న పాడినట్టు ఒకటి, ఆయన పాడినట్టు ఒకటి. పిల్లలకు రెండూ చెప్పు” అంది.

రాశాను. ఆవిడ వంగి మడిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

“ఇంకా ఉప్పదనం రాలేదే. వాననీళ్లే” అంది.

పాసింజరు ఒంటి గంటకి. ఆటో అతను హారన్ కొట్టాడు.